కుడితి తొట్టి నుంచి గ్యాస్ పొయ్యి దాకా

మెస్‌లో మిగిలిన అన్నం, సాంబారు, కూరగాయల తొక్కలు బకెట్ల కొద్దీ బయట పారబోయడం హాస్టల్లో చదివిన వారందరికీ తెలిసినదే. మా పల్లెల్లో అయితే అది కుడితి తొట్టిలో పడి ఎనుముకు పోతుంది. బయోగ్యాస్ ప్లాంటు చేసే పని ఎనుము పొట్ట చేసే పనికి చాలా దగ్గర. నెమరువేసే పశువు మొదటి పొట్టలో ప్రాణవాయువు ఉండదు. అక్కడి సూక్ష్మజీవులు మేతను పులియబెట్టి మీథేన్ పుట్టిస్తాయి. కొత్త ప్లాంటులో ముందుగా పేడనీళ్ళు పోసేది అందుకే. ఆ జీవులు పేడతోనే వస్తాయి.

గాలి చొరబడని ట్యాంకులో మొదట పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు చిన్న అణువులుగా విడిపోతాయి. అవి ఆమ్లాలవుతాయి. ఆ ఆమ్లాలు ఎసిటిక్ ఆమ్లం, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌గా మారతాయి. చివరికి మీథేన్ తయారవుతుంది. వచ్చే గ్యాసులో అది సుమారు 55 నుంచి 65 శాతం.

చిక్కంతా ఆమ్లానికీ మీథేన్‌కూ మధ్యనే ఉంది. ఆమ్లం చేసే జీవులు చురుకైనవి, మీథేన్ చేసేవి నిదానం. అన్నం తొందరగా పులుస్తుంది. ఒకేసారి ఎక్కువ వేస్తే ఆమ్లం పేరుకుని పి.హెచ్. 6.5 కన్నా దిగుతుంది, గ్యాస్ సరిగా మండదు. అప్పుడు కొన్నాళ్ళు మేత ఆపి, కాస్త సున్నపు నీళ్ళు కలపాలి. సుమారు 35 డిగ్రీల వేడి వాటికి అనుకూలం. ఆ విషయంలో కోడుమూరుకు లోటు లేదు!

కిలో పేడకు సుమారు 40 లీటర్ల గ్యాస్ వస్తే, కిలో వంటింటి వ్యర్థానికి 100 లీటర్ల దాకా వస్తుంది. పేడ అంటే పశువు సారం తీసుకోగా మిగిలినదే కదా. ఒక హాస్టల్లో రోజుకు 10 కిలోలు మిగులుతుందనుకుందాం. అంటే రోజుకు ఒక ఘనపు మీటరు. అది 0.45 కిలోల వంటగ్యాసుకు సమానం. నెలకు 13.5 కిలోలు, ఇంటి సిలిండరు ఒకటి దాదాపు నిండేంత. వందమంది వంట దీనితో కాదు. కాని ఆ సిలిండరు ఖర్చు గుడ్డుగా పళ్ళెంలోకి రావచ్చు.

హైదరాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్లో ఐ.ఐ.సి.టి. శాస్త్రవేత్తల పరిజ్ఞానంతో ప్లాంటు కట్టారు. 2021 నాటి లెక్క ప్రకారం రోజుకు దాదాపు 10 టన్నుల వ్యర్థంతో 500 యూనిట్ల కరెంటు, క్యాంటీన్‌కు 30 కిలోల గ్యాస్ వచ్చేవి.

హాస్టల్‌కు వేరే ఇబ్బంది ఉంది. దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో మనం ఊళ్ళకు పోతే ట్యాంకుకు మేత వేసేదెవరు? కొన్ని వారాలు పస్తున్నా ఆ జీవులు చావవు, గ్యాస్ తగ్గుతుందంతే. వేసవికి మాత్రం పక్క ఇంటి పశువుల పేడ మాట్లాడుకోవాలి. తిరిగొచ్చాక మొదటి వారం కొద్దికొద్దిగానే వేయాలి. ఎముకలు, నిమ్మతొక్కలు, సబ్బునీళ్ళు మాత్రం ఎప్పుడూ వద్దు.