అంబర్‌లో పెంకుపురుగుకు పేరు పెట్టాలంటే

నకిరేకల్‌లో ఏళ్ల తరబడి జువాలజీ చెప్పాను. రిటైరయ్యాక కూడా డిగ్రీ పిల్లలు ఇంటికొస్తూనే ఉన్నారు. ఈమధ్య వాళ్లు ఎక్కువగా అడుగుతున్నది అంబర్‌లో చిక్కుకున్న పురుగుల గురించి. కోట్ల ఏళ్ల కిందటి పురుగును చూసి ఇది కొత్త జాతి అని ఎట్లా తేలుస్తారు సార్, పేరు ఎవరు పెడతారు అని. వాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి చెప్పే మాటలే ఇవి.

1. ముందు బంక సంగతి తెలుసుకోండి.

మన చుట్టూ బత్తాయి, నిమ్మ తోటలే. బంక తెగులు సోకిన చెట్టు మొదట్లో జిగురు కారి గడ్డకడుతుంది, దాంట్లో చీమలూ దోమలూ అతుక్కుంటాయి. అది చూసి చాలామంది పిల్లలు రేపు ఇదే అంబర్ అవుతుందనుకుంటారు. కాదు. ఆ బంకను, ఇంట్లో ధూపం వేసే గుగ్గిలం పలుకును రెండు గ్లాసుల నీళ్లలో రాత్రంతా ఉంచండి. తెల్లారేసరికి బంక నాని మెత్తబడి ఉంటుంది, గుగ్గిలం వేసింది వేసినట్టే ఉంటుంది. నీళ్లకు లొంగేది మట్టిలో నిలవదు. గుగ్గిలం లాంటి రెసిన్ మాత్రం మట్టిలో పూడిపోయి, అందులోని ఆవిరయ్యే నూనెలు పోయి, అణువులు ఒకదానికొకటి ముడిపడుతూ లక్షల, కోట్ల ఏళ్లకు అంబర్ అవుతుంది.

2. ఎక్కడ వెతకాలో రాయే చెబుతుంది.

నల్లగొండ గుట్టలు గ్రానైటూ, నైస్ రాయీ. వాటి వయసు 250 కోట్ల ఏళ్ల పైమాటే. అప్పటికి నేల మీద చెట్టూ లేదు, పురుగూ లేదు. ఇక్కడ అంబర్ దొరికిందని ఎవరైనా చూపిస్తే అనుమానించాల్సిందే. మన దేశంలో పురుగులున్న అంబర్ పుష్కలంగా దొరికింది గుజరాత్‌లో, సూరత్ వైపు వస్తాన్, తడ్కేశ్వర్ లిగ్నైట్ గనుల్లో. వయసు ఐదు కోట్ల ఏళ్లకు కాస్త అటూ ఇటూ. దాన్ని కాంబే అంబర్ అంటారు. 2010లో జెస్ రస్ట్ బృందం ప్రచురించిన పరిశోధనలో 14 క్రమాలకు, 55కు పైగా కుటుంబాలకు చెందిన, వందకు మించిన జాతుల కీటకాలూ వాటి చుట్టాలూ లెక్కకొచ్చాయి. ఆ రెసిన్ కార్చిన చెట్లు ఏవనుకున్నారు? సాల వృక్షపు కుటుంబానివి. మన గుగ్గిలం ఇచ్చే చెట్లూ ఆ కుటుంబానివే. ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లల ముఖాల్లో వచ్చే వెలుగు చూడాలని నాకు ఇప్పటికీ ఆశ.

కాంబే అంబర్‌లో ఇంకో విశేషం ఉంది. అది పూర్తిగా గట్టిపడలేదు, కొన్ని ద్రావకాల్లో కరుగుతుంది. ఓపికగా కరిగిస్తే పురుగును సూక్ష్మమైన వివరాలతో సహా బయటికి తీయొచ్చు. గట్టి అంబర్ అయితే ఆ వీలుండదు. సానబెట్టి, మెరుగుపెట్టి, పైనుంచి చూడాల్సిందే.

3. బతికున్నదాన్ని చూడకుండా శిలాజాన్ని చూడొద్దు.

దీన్ని నేను గట్టిగా చెబుతాను. బియ్యంలో ముక్కపురుగును, పశువుల కొట్టం దగ్గర పేడపురుగును పట్టి లెన్స్ కింద పెట్టండి. ముందు రెక్కలు రెండూ పెంకుల్లా గట్టిపడి, వీపు మధ్యలో తిన్నటి గీతగా కలుస్తాయి. ఆ గీత కనిపిస్తే అది పెంకుపురుగు అనుకోవడానికి మంచి ఆధారం. తర్వాత మీసం తీసుకోండి. చాలా పెంకుపురుగులకు మీసంలో పదకొండు కణుపులు. పాదంలో కణుపులు లెక్కపెట్టండి, ముందు కాళ్లకు ఎన్ని, నడిమి వాటికి ఎన్ని, వెనక వాటికి ఎన్ని. ఆ అంకెలతోనే సగం కుటుంబాలు విడిపోతాయి. ఆరుద్ర పురుగును తెచ్చి ఇది ఏ కీటకం సార్ అంటారు. కాళ్లు లెక్కపెట్టమంటాను. ఎనిమిది. కీటకమే కాదది. లెక్కపెట్టే అలవాటు లేనివాడు అంబర్ చేతికిచ్చినా ఏమీ చూడలేడు.

4. ఒక్క పురుగు కథను చివరిదాకా చదవండి.

నేను ప్రతిసారీ చెప్పే కథ ప్రోటోక్లావిజర్ ట్రైకోడెన్స్‌ది. కాంబే అంబర్‌లో దొరికిన ఒక చిన్న పురుగు. 2014లో జోసెఫ్ పార్కర్, డేవిడ్ గ్రిమాల్డి దాన్ని కొత్త ప్రజాతిగా, కొత్త జాతిగా ‘కరెంట్ బయాలజీ’ పత్రికలో వర్ణించారు. వయసు సుమారు 5.2 కోట్ల ఏళ్లు. పొట్టి రెక్కల పెంకుపురుగుల కుటుంబానిది. వానాకాలం రాత్రి ట్యూబులైటు కింద మెడ మీద వాలి, నలిపితే చర్మం పొక్కిపోయే ఎరుపు, నలుపు సన్నపురుగు కూడా ఈ కుటుంబానిదే.

ఈ పురుగు దగ్గరి బంధువులు ఇప్పటికీ చీమల పుట్టల్లో బతుకుతున్నాయి. వాటి పొట్ట మీద రోమాల కుచ్చులుంటాయి. అక్కడ ఊరే రసాన్ని చీమలు నాకుతాయి. నాకి, తమ నోటి ఆహారాన్నే వాటికి తినిపిస్తాయి. ఈ పురుగులు మాత్రం చీమల పిల్లలనే తింటాయి. నేటి పురుగుల్లో పొట్ట పైభాగపు పలకలు కొన్ని కలిసిపోయి ఒకే పెద్ద పలకగా ఉంటాయి. అంబర్‌లోని పురుగుకు రోమాల కుచ్చులు వచ్చేశాయి, పలకలు మాత్రం ఇంకా విడివిడిగానే ఉన్నాయి. అంటే చీమల ఇంట్లోకి చొరబడే బతుకు అప్పటికే మొదలైంది, ఒళ్లు ఇంకా పూర్తిగా మారలేదు. చీమలే అరుదుగా ఉన్న కాలమది.

చూడండి, వాళ్లు ‘వింతగా ఉంది, కొత్తది’ అని రాయలేదు. ఏది ఏ బంధువుతో కలుస్తోంది, ఏది ఎక్కడ విడిపోతోంది అని అవయవం అవయవంగా రాశారు. పోల్చకుండా కొత్తదనం తేలదు. నేటి జాతులను ముందేసుకుని కూర్చున్నవాళ్లకే ఆ పలకల అతుకు కంటబడింది.

5. అంబర్ కళ్లను మోసం చేస్తుంది.

గాలిబుడగ గుడ్డులా కనిపిస్తుంది. పగులు రోమంలా కనిపిస్తుంది. రెసిన్ ఒత్తిడికి నలిగిన కాలు పుట్టుకతోనే వంకరలా ఉంటుంది. కుడివైపు చూసింది ఎడమవైపు కూడా ఉందా అని చూడండి. అనుమానం తీరకపోతే మైక్రో సీటీ స్కానింగ్ ఉంది.

6. నమూనా ఎక్కడుందో చెప్పలేని పేరు నిలవదు.

జంతువుల పేర్లకు అంతర్జాతీయ నియమావళి ఉంది. నాలుగో కూర్పు 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. కొత్త జాతికి ఆధారమైన నమూనాను స్పష్టంగా నిర్ణయించాలి, అది ఏ సంగ్రహంలో ఉంటుందో రాయాలి. ఇంటర్నెట్ పత్రికలో మాత్రమే వచ్చే పేరైతే జూబ్యాంక్‌లో నమోదు తప్పనిసరి. నమూనాను ఎవరైనా వచ్చి చూసి, ‘మీరు రాసింది తప్పు’ అనగలగాలి. ఆ వీలు లేకపోతే అది శాస్త్రం కాదు.

ఆన్‌లైన్‌లో బర్మా అంబర్ కొంటామని పిల్లలు అడుగుతుంటారు. వద్దంటాను. కచిన్ ప్రాంతపు ఆ అంబర్ దాదాపు పది కోట్ల ఏళ్ల నాటిది, శాస్త్రానికి అమూల్యమైనది. కానీ ఆ గనుల చుట్టూ యుద్ధం నడుస్తోంది. 2017లో సైన్యం వాటిని చేజిక్కించుకుంది. ఆ తర్వాత అక్కడి నుంచి కొన్న శిలాజాలపై వ్యాసాలు ఆపమని 2020లో వెన్నెముక జీవుల శిలాజ శాస్త్రవేత్తల సంఘం పత్రికలను కోరింది. మనిషి నెత్తురంటిన రాయిని బల్ల మీద పెట్టుకుని పురుగు కాళ్లు లెక్కపెట్టడం నాకు సమ్మతం కాదు.

7. పేరు చివరి పని.

ఇవన్నీ అయ్యాకే పేరు. ఆ పేరు ఊరి మీద కూడా పెట్టొచ్చు. మన పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి ఊరి పేరు ఒక డైనోసార్ పేరులో ఉంది. కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. 1988లో పి. యాదగిరి పెట్టారు. అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది, వెళ్లి చూడండి. అది దొరికిన ‘కోట’ అనే రాతిపొరల్లోనే చేపలూ, పురుగుల శిలాజాలూ దొరికాయి. అంబర్‌లోవి కావు, రాతి మీద అచ్చులు. సూరత్ దాకా పోలేని పిల్లలు జియాలజీ తెలిసిన గైడును వెంటబెట్టుకుని, అనుమతులు తీసుకుని, ప్రాణహిత వైపు బస్సెక్కవచ్చు. పోయేముందు ముక్కపురుగు మీసం కణుపులు ఎన్నో నాకు చెప్పి వెళ్లండి.