నీళ్ళలో ఉన్నా ఉక్కపోతే

"ఉక్కపోత"కి ఇంగ్లీష్‌లో సరిపోయే ఒక్క మాట నాకింతవరకూ దొరకలేదు. హ్యుమిడిటీ అంటే గాలిలో తేమ, అంతే. ఉక్కపోత అంటే వేడిగా ఉంది, గాలి ఆడట్లేదు, ఒంట్లో వేడి బయటికి పోయే దారి లేదు అని మూడూ ఒకేసారి చెప్పడం. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు ఈ సెమిస్టర్‌లో బాగా పనికొచ్చిన టెక్నికల్ పదం ఇదే. మేం నలుగురం కలిసి నీళ్ళ అడుగున తిరిగే ఒక చిన్న రోబో డిజైన్ చేస్తున్నాం. దాని లోపల ఉన్న కంప్యూటర్‌కి పట్టే జబ్బు పేరు ఉక్కపోత.

ముందు, అసలు ఈ రోబో ఎందుకు? 2024 సెప్టెంబర్ మొదట్లో కృష్ణకి వచ్చిన వరద మనందరికీ గుర్తుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కొట్టుకొచ్చిన పడవలు గేట్ల దగ్గర గుద్దుకుని ఇరుక్కుపోయాయి. వాటిని కోసి తీయడానికి డైవర్లు నీళ్ళలోకి దిగాల్సొచ్చింది. అలాంటి బురద నీళ్ళలో మనిషి దిగే ముందు ఒక యంత్రం దిగి చూసి వస్తే ఎంత బాగుంటుంది! కానీ వైఫై నీళ్ళలో పట్టుమని మీటరు కూడా సరిగ్గా పోదు. కేబుల్ కడితే శిథిలాలకి చుట్టుకునే ప్రమాదం. అందుకే కెమెరా, సోనార్ చూపించేదాన్ని రోబో తనే అర్థం చేసుకోవాలి. అంటే కంప్యూటర్ లోపలే ఉండాలి.

"నీళ్ళలోనే ఉంటుంది కదా, ఇంక కూలింగ్ దేనికి?" అని అందరూ అడుగుతారు. లెక్క వేసి చూద్దాం.

10 సెంటీమీటర్ల వ్యాసం, 30 సెంటీమీటర్ల పొడవు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న యాక్రిలిక్ గొట్టం తీసుకోండి. లోపల అన్నీ కలిపి 15 వాట్ల వేడి పుడుతోంది. కాలవ నీళ్ళు 30 డిగ్రీలు అనుకుందాం. వేడి బయటికి రావాలంటే మూడు గేట్లు దాటాలి. గొట్టం బయటి తలం నుంచి నీళ్ళలోకి దిగడానికి ఒక డిగ్రీ తేడా కూడా అక్కర్లేదు. యాక్రిలిక్ గోడ దాటడానికి సుమారు 4 డిగ్రీలు. లోపలి గాలి నుంచి గోడకి చేరడానికి మాత్రం 30 డిగ్రీల పైనే! అంటే బయట 30 ఉంటే లోపల గాలి 65 దాటుతుంది. చిప్ దానికంటే ఇంకో 20 డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. రాస్ప్‌బెర్రీ పై లాంటి బోర్డు 80 డిగ్రీల దగ్గర తన స్పీడ్ తనే తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. స్పీడ్ తగ్గితే కెమెరా ఫ్రేములు తగ్గుతాయి. సరిగ్గా చూడాల్సిన చోటే రోబోకి చూపు మందగిస్తుంది.

ప్లాస్టిక్ గోడ వేడిని ఆపేస్తుందని చాలామంది అనుకుంటారు. లెక్కలో తేలిన అసలు దొంగ గోడ కాదు, లోపల కదలని గాలి. ఫ్యాన్ పెడితే కొంత నయమే. మన హాస్టల్ రూముల్లో తలుపులన్నీ మూసి ఫ్యాన్ వేసుకున్నట్టు.

మరి దారేంటి? ఇంట్లో పాలు త్వరగా చల్లారాలంటే గిన్నెని నీళ్ళ పళ్ళెంలో పెడతారు. గిన్నె అడుగు నీళ్ళకి తగలాలి, అదే కిటుకు. చిప్‌కి కూడా అంతే. గొట్టం చివర యాక్రిలిక్ మూత బదులు అల్యూమినియం మూత పెట్టి, చిప్‌ని ఒక లోహపు దిమ్మతో దానికి ఆనించాలి. మధ్యలో థర్మల్ ప్యాడ్ వెయ్యాలి. అయితే లోహం ఉంటే చాలదు, దూరం కూడా చూడాలి. 10 సెంటీమీటర్ల పొడవు, 2×1 సెంటీమీటర్ల మందం ఉన్న అల్యూమినియం కడ్డీలోంచి 10 వాట్లు పోవాలంటే 30 డిగ్రీల తేడా కావాలి. దాన్నే 3 సెంటీమీటర్లకి కుదించి, వెడల్పు 4 చేస్తే 5 డిగ్రీల లోపే సరిపోతుంది. కాబట్టి బోర్డుని గొట్టం మధ్యలో కాదు, మూత పక్కనే బిగించాలి.

ఇంతకంటే ఎక్కువ వేడి పుట్టే బోర్డు అయితే నిజంగానే వాటర్ కూలింగ్ కావాలి. అందులో రెండు రకాలు. ఒకటి, బయటి నీళ్ళనే పంపుతో లోపలికి లాగి, చిప్ మీదుగా తిప్పి బయటికి వదలడం. కృష్ణ వరద నీళ్ళలో ఉండే ఒండ్రుకి సన్నటి పైపులు ఎన్నాళ్ళు నిలుస్తాయి? పైగా ఎక్కడ చిన్న లీకైనా నది మొత్తం లోపలికొస్తుంది. రెండోది, లోపల కాసిన్ని శుభ్రమైన నీళ్ళని మూసిన లూప్‌లో చిప్ నుంచి మూతకి, మూత నుంచి చిప్‌కి తిప్పడం. లీకైనా ఆ గుక్కెడు నీళ్ళే. నా ఓటు దీనికే.

దీని పెద్దన్న మన ఊరి పక్కనే ఉంది. ఇబ్రహీంపట్నంలో 1979లో మొదలైన థర్మల్ పవర్ స్టేషన్, అదే నార్ల తాతారావు పేరున్నది. టర్బైన్‌ని తిప్పిన ఆవిరి కండెన్సర్‌లో గొట్టాల బయట ఉంటుంది, చల్లబరిచే నీళ్ళు గొట్టాల లోపల పోతాయి. రెండూ ఎక్కడా కలవవు. గోడ దాటేది వేడి ఒక్కటే. స్కాట్లాండ్ దగ్గర ఆర్క్‌నీ దీవుల సముద్రంలో మైక్రోసాఫ్ట్ 2018లో ముంచిన డేటా సెంటర్‌దీ ఇదే సూత్రం. 864 సర్వర్లున్న ఆ సిలిండర్‌లో సముద్రపు నీళ్ళు రేడియేటర్ల గుండా పోయాయి, సర్వర్లకి మాత్రం తగల్లేదు. 2020లో పైకి తీసి చూస్తే నేలమీద పెట్టిన వాటికంటే తక్కువ సర్వర్లే పాడయ్యాయి.

చివరగా, ఎవరూ పెద్దగా పట్టించుకోని మాట. ఈ రోబోకి అన్నిటికంటే ప్రమాదం నీళ్ళలో కాదు, గట్టు మీద. బెజవాడని బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. మే నెల ఎండలో, బయట నీళ్ళు లేకుండా ఆన్ చేసి ఉంచితే, ఆ మూత వేడిని గాలికే ఇవ్వాలి. గాలి ఎంత సోమరిదో పైన చూశాం. అందుకని నీళ్ళలో దింపేదాకా బోర్డుని లో పవర్‌లో ఉంచి, పైన తడి తుండుగుడ్డ కప్పండి. ఇంకోటి, మన డెల్టా గాలిని తేమతో సహా మూసేస్తే, చల్లటి నీళ్ళలో దిగగానే లోపల చెమ్మ పడుతుంది. సిలికా జెల్ పొట్లాలు వేసి మూయండి. హంసలదీవి వైపు ఉప్పునీళ్ళలో దింపేట్టయితే అల్యూమినియం మూతకి యానోడైజింగ్ చేయించండి.

పరీక్షకి కాలవ దాకా పోనక్కర్లేదు. ముందు ఖాళీ గొట్టంలో టిష్యూ పేపర్ పెట్టి రాత్రంతా డ్రమ్ములో ముంచండి. పొద్దున పేపర్ పొడిగా ఉంటే బోర్డు పెట్టి, సీపీయూకి ఫుల్ లోడ్ ఇచ్చి, అరగంట పాటు నిమిషానికోసారి టెంపరేచర్ రాసుకోండి. గీత 75 లోపు చదునైతే మీ వేడికి దారి దొరికినట్టే. పైకే పోతుంటే ఫ్యాన్ కొనడానికి పరిగెత్తకండి. చిప్‌కీ నీళ్ళకీ మధ్య గాలి ఎక్కడ మిగిలిందో వెతకండి.