తోలుపై పురాణం: కెల్స్ నుంచి నిమ్మలకుంట దాకా

మధ్యయుగ ఐరోపా మఠాల్లో దూడతోలు పత్రాలపై మతగ్రంథాలు రాసి, రంగులతో అలంకరించేవారు. క్రీ.శ. 800 ప్రాంతపు ‘బుక్ ఆఫ్ కెల్స్’ డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో ఉంది. ఇందులో బంగారు రేకు వాడలేదు. పరీక్షలో ప్రశ్నకు మెలిక పెట్టేది ఇక్కడే.

మన కరవు సీమలో ఈ తోలు చిత్రకళకు దగ్గరి చుట్టం ధర్మవరం మండలం నిమ్మలకుంట తోలుబొమ్మ. మేకతోలును శుభ్రం చేసి, వెలుతురు దూరేంత పలుచన చేస్తారు. రెండువైపులా రంగులద్దుతారు. అసలు పనితనం నగల్లో కనిపిస్తుంది: హారాలు, కిరీటం అంచులు సన్నని రంధ్రాలుగా చెక్కుతారు, తెర వెనక దీపం పెడితే అవే మెరుస్తాయి. కథలు రామాయణ, భారతాలవి. ఈ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

బొమ్మల ముఖాల్లో, వస్త్రాల్లో లేపాక్షి ఆలయ చిత్రాల పోలికలు చూడొచ్చు. అచ్యుతదేవరాయల (1529–42) కాలపు అక్కడి వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లో ఆ గుడి కట్టించిన విరూపణ్ణ సోదరులు తమ రూపాలనూ గీయించుకున్నారు. గ్రంథం రాయించిన ఐరోపా దాతలకూ ఆ సరదా ఉండేది.

జిల్లా అడిగితే జాగ్రత్త: 2022 ఏప్రిల్ 4 నుంచి నిమ్మలకుంట, లేపాక్షి రెండూ శ్రీ సత్యసాయి జిల్లాలోవి.