చికిత్స ముగిసినా విడువని బాధ: లైమ్ వ్యాధి



మన సంఘములలోని అనేకుల పిల్లలు న్యూజెర్సీ, కనెక్టికట్, పెన్సిల్వేనియా ప్రాంతములలో ఉద్యోగములు చేస్తున్నారు. కూతురి కాన్పుకో, మనుమలను చూచుకొనుటకో తల్లిదండ్రులు వెళ్ళి నెలల తరబడి ఉండి వస్తారు. ఆ ప్రాంతములలో లైమ్ వ్యాధి ఎక్కువ. మన జిల్లాలలో ఇది సాధారణముగా కనిపించే జబ్బు కాదు. కనుక తిరిగి వచ్చిన తరువాత జ్వరము, కీళ్ళ వాపు వస్తే ఇక్కడ ఎవరికీ దీని తలంపు రాదు. అందుకే ఈ నెల ఈ పాఠము వ్రాస్తున్నాము.

ఈ వ్యాధి ఎలా తెలిసింది?

1975లో కనెక్టికట్ రాష్ట్రములోని లైమ్, ఓల్డ్ లైమ్ ఊళ్ళలో చాలామంది పిల్లలకు మోకాళ్ళు వాచాయి. పిల్లలలో అరుదుగా వచ్చే కీళ్ళ వాతమని వైద్యులు అనుకొన్నారు. ఒకే చోట ఇంతమందికి ఎందుకు వస్తుందని తల్లులు ఆరోగ్యశాఖను అడిగారు. అప్పుడు యేల్ విశ్వవిద్యాలయమునకు చెందిన డాక్టర్ అలెన్ స్టీర్ పరిశోధన ప్రారంభించారు. దీనికి కారణమైన బ్యాక్టీరియాను విల్లీ బర్గ్‌డోర్ఫర్ అను శాస్త్రవేత్త పిడుదులలో కనుగొని 1982లో ప్రకటించారు. దానికి ఆయన పేరే పెట్టి బొరీలియా బర్గ్‌డోర్ఫెరి అంటారు.

ఎలా వస్తుంది?

పశువులను పట్టే పిడుదులు మనకు తెలిసినవే. అక్కడి పిడుదు పిల్ల గసగసాల గింజంత ఉంటుంది, కుట్టినా నొప్పి తెలియదు. అది చిన్న ఎలుకల రక్తము త్రాగి క్రిమిని తెచ్చుకొని, గడ్డిలో, రాలిన ఆకులలో నడిచే మనిషిని పట్టుకొంటుంది. సాధారణముగా ఒక రోజుకు పైగా అంటిపెట్టుకొని ఉంటేనే క్రిమి మనకు చేరుతుంది. కనుక రోజూ సాయంత్రము చంకలు, గజ్జలు, మోకాళ్ళ వెనుక, పిల్లల తల వెంట్రుకలలో వెదకి తీసివేస్తే చాలావరకు తప్పించుకోవచ్చు. సన్నని పట్టకారుతో చర్మమునకు ఆనించి పట్టుకొని నిదానముగా పైకి లాగాలి. కిరోసిన్ పోయుట, అగ్గిపుల్లతో కాల్చుట పనికిరావు. ఈ జబ్బు మనిషి నుండి మనిషికి అంటదు. రోగిని దూరముగా ఉంచనవసరము లేదు.

లక్షణములు

కుట్టిన 3 నుండి 30 రోజులలో చర్మముపై మచ్చ ఏర్పడి రోజురోజుకు పెద్దదవుతుంది. తెల్లవారి చర్మముపై ఎర్రగా కనబడే ఈ మచ్చ మన చామనచాయ చర్మముపై కమిలినట్లు ఉండి గుర్తింపునకు రాక తప్పిపోతుంది. కొందరికి అసలు రాదు. జ్వరము, తలనొప్పి, ఒళ్ళు నొప్పులు ఉంటాయి. వైద్యము జరగకపోతే ముఖము ఒక వైపు వంకరపోవుట, గుండె కొట్టుకొనుటలో తేడా, నెలల తరువాత మోకాలి వాపు రావచ్చు. తొలి దశలో డాక్సీసైక్లిన్ వంటి మందు డాక్టరు చెప్పిన 10 నుండి 14 రోజులు వాడితే అత్యధికులు పూర్తిగా కోలుకొంటారు.

బాధ ఎందుకు మిగిలిపోతుంది?

నూటికి 5 నుండి 10 మందికి మందులు పూర్తయినా అలసట, నొప్పులు, మతిమరుపు 6 నెలలకు మించి ఉంటాయి. దీనినే చాలామంది దీర్ఘకాల లైమ్ అంటారు. 2006లో మన రాష్ట్రములో చికున్‌గున్యా వ్యాపించినప్పుడు జ్వరము వారములో పోయినా కీళ్ళ నొప్పులు నెలల తరబడి ఉండుట మనము చూచినదే. లైమ్ విషయములో కారణము ఇంకా పూర్తిగా తేలలేదు. పరిశోధకులు చెప్పేవి ఇవి:

1. చికిత్స ఆలస్యమగుట, మొదటి జబ్బు తీవ్రముగా ఉండుట.
2. క్రిమి చచ్చినా దాని గోడ ముక్కలు మిగిలి వాపును కొనసాగించుట. కీళ్ళవాపు రోగుల కీలు నీటిలో ఈ ముక్కలు ఉన్నట్లు 2019లో ప్రకటించారు.
3. రోగనిరోధక శక్తి శాంతించక స్వంత శరీరముపైనే పనిచేయుట.
4. నరములు అతిగా స్పందించి చిన్న నొప్పిని పెద్దదిగా చూపుట.
5. అదే పిడుదు ద్వారా బబీసియా వంటి మరొక క్రిమి చేరుట.
6. రక్తహీనత, థైరాయిడ్, షుగరు, బి12 లోపము, మానసిక క్రుంగుదల. ఇవి లైమ్ పేరు చాటున దాగి ఉండవచ్చు. ముందుగా వీటిని పరీక్షించాలి.

రక్తపరీక్ష చూచేది క్రిమిని కాదు, దానిపై శరీరము తయారుచేసిన ప్రతిరక్షకములను. అవి నయమైన తరువాత కూడ ఏళ్ళ తరబడి ఉంటాయి. కనుక పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఇంకా ఉన్నదని అర్థము కాదు.

ఎక్కువ మందు, ఎక్కువ మేలు కాదు

నెలల తరబడి యాంటీబయాటిక్ ఇచ్చి చూచిన పరిశోధనలు 2001లో అమెరికాలోను, 2016లో నెదర్లాండ్స్‌లోను వెలువడ్డాయి. ఉత్తుత్తి మందు తీసికొన్న వారికంటె వీరికి ఎక్కువ మేలు కలుగలేదు. నరములోనికి ఎక్కించే మందు గొట్టము ద్వారా రక్తములో క్రిములు చేరి ప్రాణాపాయము వచ్చిన సంగతులు ఉన్నాయి. పన్నెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ వైద్యుల యొద్ద తనకున్నదంతా ఖర్చు చేసికొని ఇంకా సంకటపడినదని మార్కు సువార్త 5వ అధ్యాయములో చదువుతాము. నిరాశలో ఉన్నవారి యొద్ద ఖరీదైన మాటలు అమ్మేవారు నేడు కూడ ఉన్నారు. జాగ్రత్త.

దినదినము ఎలా జీవించాలి?

- బాగున్న రోజున పనంతా చేసి మరునాడు మంచము పట్టవద్దు. పనిని భాగములు చేసి మధ్య మధ్య విశ్రమించండి.
- నడకను 5 నిమిషములతో మొదలుపెట్టి, ఓర్చుకొనగలిగినంత మేరకే పెంచండి.
- ఒకే వేళకు పడుకొని ఒకే వేళకు లేవండి. సాయంత్రము కాఫీ, టీ మానండి.
- నొప్పి, నిద్ర, పని ఒక నోటుపుస్తకములో వ్రాసి డాక్టరుకు చూపండి.
- నొప్పి మాత్రలు స్వంతముగా రోజూ మింగవద్దు. మూత్రపిండములు చెడిపోతాయి.
- కీలు మరల వాచినా, స్పృహ తప్పినా, ముఖము వంకరపోయినా, బ్రతుకు మీద విసుగు పుట్టినా వెంటనే ఆస్పత్రికి రండి.

కుటుంబ సభ్యులకు ఒక మాట. పైకి బాగానే కనబడే అత్తగారిని, కోడలిని “పని తప్పించుకొనుటకు నటిస్తోంది” అనవద్దు. వార్డులలో ఇన్నేళ్ళుగా మేము చూస్తున్నాము, నొప్పికంటె నమ్మకపోవుటే రోగిని ఎక్కువ క్రుంగదీస్తుంది. చాలామంది నెమ్మదిగా, నెలల మీద, మెరుగవుతారు. అంతవరకు వారి బిందె మోయుట, వారితో కూర్చుండి ప్రార్థించుట కూడ వైద్యమే.

మన ప్రాంతములో జ్వరముతో పాటు చర్మముపై నల్లని పక్కు కనబడితే అది స్క్రబ్ టైఫస్ కావచ్చు. పొదలలోని సన్నని నల్లుల వంటి పురుగుల వలన వస్తుంది, డాక్సీసైక్లిన్‌తో నయమవుతుంది. ఆలస్యము చేయవద్దు. విదేశము నుండి వచ్చినవారు ఓ.పి.లో ఆ సంగతి తప్పక చెప్పండి.

స్త్రీల సమాజ కూడికలో చర్చించుటకు

1. పిడుదును ఎలా తీయాలి? ఏమి చేయకూడదు?
2. రక్తపరీక్ష పాజిటివ్ అయితే జబ్బు ఉన్నట్లేనా?
3. మన వీధిలో చాలాకాలముగా నొప్పితో ఉన్నవారెవరు? ఈ వారము వారికి మనము ఏ పనిలో సాయపడగలము?