సగం ధర చీర

ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు. బట్టల షాపులకు బేరం తక్కువ. అందుకే ‘ఆషాఢం తగ్గింపు’ అని బోర్డులు పెడతారు. ఆటోకు మైకు కట్టి ఊరంతా తిప్పుతారు. టీవీలో సినిమా తార కొత్త చీర కట్టి నవ్వుతుంది. ఫోనులోనూ అదే బొమ్మ.

పెట్టెలోని చీర చిరగలేదు. రంగు పోలేదు. అయినా ‘ఇది పాత మోడల్’ అనిపిస్తుంది. ప్రకటన చేసే పని ఇదే. ముందు ఉన్న చీర మీద మనసు విరుస్తుంది. తర్వాత కొత్తది చూపిస్తుంది. పెళ్ళికి పాత చీర కడితే చిన్నతనం అని ఎవరు నేర్పారు? కొంత చుట్టాలు, చాలావరకు ప్రకటనలే.

తారకు డబ్బు ఇవ్వాలి. టీవీవాళ్ళకు ఇవ్వాలి. ఆ ఖర్చంతా చీర ధరలోనే కలుస్తుంది.

“అత్తమ్మా, 1,600 చీర 800కే అంట!” అంది ఒక కోడలు.

“పోయిన నెల ఎంతకు అమ్మారో అడుగు” అంది అత్త.

అత్త అడిగింది మంచి మాట. కొందరు 800 రూపాయల చీరకు 1,600 అని చీటీ అంటిస్తారు. ఆపైన సగం తగ్గిస్తారు. తగ్గింది చీటీ మీది అంకె మాత్రమే. కోడలి సంచిలోంచి పోయేది 800. సంఘంలో తీసిన అప్పయితే వడ్డీ కూడా పోతుంది.

పేరు చెప్పి చేసే మోసం ఇంకొకటి. యాదాద్రి భువనగిరి జిల్లాలో పోచంపల్లి ఉంది. అక్కడి చీరకు పెద్ద పేరు. దాని వెనుక చాలా చాకిరీ ఉంది. ముందు ఆసు పోయాలి. అంటే దారాన్ని మేకుల చుట్టూ తిప్పాలి. ఒక్క చీరకు చేయి వేలసార్లు ఆడాలి. ఇది ఎక్కువగా ఆడవాళ్ళ పని. తల్లి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆసు అయ్యాక దారాన్ని అక్కడక్కడ గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. ఆ దారంతోనే నేస్తారు. అందుకే చీర తిరగేసినా పువ్వు అలాగే కనబడుతుంది. పువ్వు అంచు కొంచెం చెదిరినట్టు ఉంటుంది. అది లోపం కాదు. గుడ్డ మీద అచ్చు వేస్తే వెనుక వైపు వెలిసినట్టు ఉంటుంది.

అచ్చు చీర అమ్మడం తప్పు కాదు. దాన్ని పోచంపల్లి చేనేత అని అమ్మితే మోసం. కొన్నవాళ్ళకు డబ్బు దండగ. నేసినవాళ్ళకు పని పోతుంది. 2006 నుంచి చేనేతకు ‘హ్యాండ్‌లూమ్ మార్క్’ అనే గుర్తు ఉంది. పట్టుకు ‘సిల్క్ మార్క్’ ఉంది. కొనేముందు వాటిని చూపించమని అడగాలి.

తప్పుడు ప్రకటనకు 2019 చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. అందులో కనిపించిన తారకూ వేయవచ్చు. మోసపోతే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. దానికి డబ్బు పడదు. కానీ బిల్లు దాచుకోవాలి. ‘బిల్లు లేకుండా ఇంకో యాభై తగ్గిస్తా’ అంటే ఒప్పుకోకూడదు.

లెక్క చేయండి: ఒక షాపులో చీర మీద 2,400 అని ఉంది. నూటికి 40 తగ్గింపు అన్నారు. పక్క షాపులో అదే చీర 1,350. తగ్గింపు లేదు. ఏది చవక? ఎంత చవక?