బల్ల మీద దరువు

తరగతిలో బల్ల మీద దరువు వేసే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. బదిలీల మీద ఏ ఊరు వెళ్లినా మాకు వాళ్లు కనిపిస్తూనే ఉన్నారు. "చేతులు కట్టుకో" అని మేమూ చాలాసార్లు గద్దించాం. ఆ చేతులకు పని చెబితే ఎంత మేలో మాకు ఆలస్యంగా తెలిసింది.

వాయించడం నేర్చుకునే పిల్లలు ముందు వినడం నేర్చుకుంటారు. రెండు చేతులూ వేరువేరు దెబ్బలు వేస్తూనే ఒకే లయకు లోబడాలి. నలుగురితో కలిసి వాయిస్తే తొందరపడకూడదు, వెనకబడకూడదు, తమ వంతు వచ్చేదాకా ఆగాలి.

లయలో లెక్కలూ ఉన్నాయి. ఒక జట్టు 'తకిట' అని, ఇంకో జట్టు 'తకధిమి' అని ఒకే వేగంతో పలుకుతూ, ప్రతిసారీ మొదటి అక్షరానికి చప్పట్లు కొట్టాలి. 12 అక్షరాలు పూర్తయి 13వది మొదలయ్యేసరికి రెండు జట్ల చప్పట్లూ మళ్లీ కలుస్తాయి. 3, 4ల క.సా.గు. 12 అని అప్పుడు చెబితే ఎవరూ మరచిపోరు.

ఛందస్సుకూ ఇదే దారి. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. లఘువుకు ఒక దెబ్బ వేయాలి. గురువుకు ఒక దెబ్బ వేసి, ఒక మాత్ర ఆగాలి. 'తకిట తకధిమి' అంటే 3+4, మొత్తం 7 మాత్రల మిశ్రగతి. 1910లో గురజాడ ప్రవేశపెట్టిన ముత్యాల సరాల నడక ఇదే. తెలుగు చదవడం ఇంకా రాని పిల్లలు కూడా దీన్ని చెవితో పట్టుకుంటారు.

ఒకసారి వాద్యాల పేర్లు అడిగాం. మృదంగం, తబలా, డోలు అన్నారు. వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి "డప్పు" అనగానే కొందరు నవ్వారు. అతడు తల దించుకున్నాడు. వాళ్ల తాతగారు డప్పు వాయిస్తారట. మర్నాడు ఆ అబ్బాయి చేతే పాఠం చెప్పించాం. చర్మాన్ని మంట దగ్గర కాచి బిగువు తెస్తారని, ఒక చేత లావుపాటి సిర్ర, రెండో చేత సన్నని చిటికెన పుల్ల పట్టుకుంటారని వివరించాడు. రెండు స్కేళ్లతో బల్ల మీద వాయించి చూపించాడు. నవ్వినవాళ్లే "మళ్లీ వాయించు" అన్నారు.

వాద్యాల్లో ఎక్కువ తక్కువలు పిల్లలకు పుట్టుకతో తెలియవు. పెద్దల దగ్గరే నేర్చుకుంటారు. అది నేర్పకుండా ఉండటం మన బాధ్యత. ఖరీదైన వాద్యాలు అక్కర్లేదు. ఒక ఖాళీ డబ్బా, రెండు పుల్లలు, వారానికి ఒక పీరియడ్ చాలు.