కళ్లు బాగానే ఉన్నాయి, ధ్యాసే నిలవడం లేదు

ప్రశ్న: మా బాబు నాలుగో తరగతి. ఏ నోట్సు తీసినా సగమే ఉంటుంది. బోర్డు మీది చూసి రాసేటప్పుడు వరసలు వదిలేస్తాడు. కూడిక ఇస్తే తీసివేత చేస్తాడు. కళ్లు చూపిస్తే సిక్స్ బై సిక్స్, అద్దాలు అక్కర్లేదన్నారు. పిల్లల మానసిక వైద్యులు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం) అని చెప్పి నెల అయింది. మా అత్తగారేమో ‘వాడికి బద్ధకం, నాలుగు తగిలిస్తే వాడే చూస్తాడు’ అంటారు. ‘బోర్డు వైపు చూడరా’ అని చెప్పి చెప్పి నా నోరు పడిపోతోంది.
- ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, దెబ్బల సంగతి ముందు తేల్చుకుందాం. భయపడిన పిల్లవాడి చూపు పుస్తకం మీద ఉండదు, మీ చేతి మీద ఉంటుంది. పెద్దావిడకు ఈ మాట మెల్లగా చెప్పండి. మీ వాడిది బద్ధకం కాదు.

కంటి డాక్టరు పరీక్షించింది దూరం నుంచి అక్షరం స్పష్టంగా కనిపిస్తోందా లేదా అని. అది బాగానే ఉంది. మీ బాబుకు కష్టమైనది వేరు. కంటి ముందున్న వాటిలో ఏది చూడాలో ఎంచుకుని, మిగతావి వదిలేసి, కాసేపు అక్కడే ఉండాలి. అది మెదడు చేసే పని. బోర్డు మీది ఒక్క వాక్యం ఎక్కించుకోవడంలో ఎన్ని పనులున్నాయో చూడండి. తల ఎత్తాలి, ఎక్కడ ఆపాడో వెతుక్కోవాలి, నాలుగు మాటలు మనసులో పట్టుకోవాలి, తల దించాలి, నోటుబుక్కులో తన వరస దొరకాలి, అప్పుడు రాయాలి. మనకు అలవాటై ఇదంతా ఒకటే పని అనిపిస్తుంది. ఏడీహెచ్‌డీ ఉన్న చాలామంది పిల్లలకు మనసులో మాటలు పట్టుకుని ఉంచడం దగ్గరే ఇబ్బంది. పక్కవాడు కంపాసు బాక్సు తెరిచిన చప్పుడుకే అవి జారిపోతాయి. తల మళ్లీ ఎత్తేసరికి బోర్డు మీద వేరే వరస కనిపిస్తుంది. అక్కడి నుంచి రాసేస్తాడు. మీకు కనిపిస్తున్న సగం నోట్సు అలా తయారైందే.

అందుకే ‘చూడరా’ అన్న మాట పనిచేయదు. చూడాల్సింది తక్కువ చేయాలి. ఇంట్లో పాత శుభలేఖ ఒకటి తీసుకుని, పాఠ్యపుస్తకంలో ఒక్క వరస మాత్రమే కనిపించేంత కిటికీ కత్తిరించి ఇవ్వండి. చదువుతూ దాన్ని కిందికి జరుపుకుంటాడు. లెక్కలకు గళ్ల నోటుబుక్కు కొనండి, గడికి ఒక్క అంకె. లెక్క మొదలుపెట్టే ముందు ప్లస్సో మైనస్సో ఆ గుర్తు చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, పైకి చదవమనండి. చేయి చుడుతుంటే కన్ను అక్కడ ఆగుతుంది. ఇచ్చిన పేజీలో పది లెక్కలుంటే కాగితం మడిచి రెండే కనిపించనివ్వండి. గుర్తు తెలియాలని ఐదు రంగుల పెన్నులు వాడకండి. ఒక్క రంగు చాలు, అదీ ఒక్క విషయానికే.

బడిలో రెండు అడగండి. కిటికీకీ తలుపుకీ దూరంగా, టీచరు చేయి చాచితే బల్ల అందేంత దగ్గర కూర్చోబెట్టమనండి. బోర్డు మీది మొత్తం ఎక్కించుకునే బదులు ముఖ్యమైన నాలుగు వాక్యాలు రాయించి, మిగతాది జిరాక్సు ఇమ్మనండి. ఇది వాడికి చేసే గారాబం అనుకునే టీచర్లున్నారు. పాఠం అర్థం చేసుకోవాల్సిన ఓపికంతా ఎత్తిరాతకే ఖర్చయిపోతే పిల్లవాడికి మిగిలేదేమిటో వారిని అడగండి. ‘నా కళ్లలోకి చూస్తూ విను’ అని పట్టుబట్టాల్సిన పని కూడా లేదు. పెన్సిలు తిప్పుతూ వినే పిల్లలుంటారు. విన్నది తిరిగి చెప్పమంటే తెలిసిపోతుంది.

డాక్టరు మందు రాసి ఉంటే వారిని అడగకుండా ఆపకండి.

ప్రశ్న: ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతి చెబుతున్నాను. సొంత డబ్బుతో టీఎల్‌ఎం (బోధనా సామగ్రి) చేసి గోడలన్నీ నింపాను. గుణింతాలు, ఎక్కాలు, పళ్లు, జంతువులు, పైన తోరణాలు. ఇద్దరు పిల్లలు పాఠం వదిలేసి గోడలే చూస్తున్నారు. వాళ్లకు ఏడీహెచ్‌డీ అంటారా?
- ఒక టీచర్, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: టీచర్ గారూ, మీ కష్టం వృథా కాలేదు, కానీ అంతా ఒకేసారి గోడ మీద ఉండాల్సిన పని లేదు. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. 24 మంది చిన్నపిల్లలకు బొమ్మలతో నింపిన గదిలో కొన్ని పాఠాలు, ఖాళీ గోడలున్న గదిలో కొన్ని పాఠాలు చెప్పారు. నిండిన గదిలో పాఠం సమయంలో 38.6 శాతం ధ్యాస పక్కకు పోయింది. ఖాళీ గదిలో అది 28.4 శాతం. నేర్చుకున్నదీ ఖాళీ గదిలోనే ఎక్కువ. వాళ్లు మామూలు పిల్లలే సుమా. ధ్యాస నిలవని పిల్లలకు ఇంకెంత కష్టమో మీరే ఊహించండి.

బోర్డు ఉన్న గోడ ఖాళీ చేయండి. ఆ రోజు పాఠానికి కావలసిన చార్టు ఒక్కటే తగిలించి, అయ్యాక తీసేయండి. మిగతావి పిల్లల వీపు వైపు గోడకు పెట్టండి.

ఆ ఇద్దరి పేర్ల పక్కన మాత్రం ఇప్పుడే ఏడీహెచ్‌డీ అని రాయకండి. లక్షణాలు కనీసం ఆరు నెలలుగా ఉండాలి, బడిలోనే కాక ఇంట్లో కూడా కనిపించాలి, పన్నెండేళ్లలోపే మొదలై ఉండాలి. రక్తపరీక్షతోనో స్కానింగుతోనో తేలేది కాదు. గోడ ఖాళీ చేశాక కొన్ని వారాలు గమనించి, అప్పటికీ అలాగే ఉంటే తల్లిదండ్రులతో మాట్లాడండి.

ప్రశ్న: కంటి వ్యాయామాలతో, రంగు కళ్లద్దాలతో ఏడీహెచ్‌డీ తగ్గిస్తామని ఒక సెంటర్ వాళ్లు వేలల్లో ఫీజు చెబుతున్నారు. కట్టమంటారా? మా పాపకు తొమ్మిదేళ్లు.
- ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: కట్టొద్దు. కంటి వ్యాయామాలతో ఏడీహెచ్‌డీ పోతుందనడానికి ఆధారం లేదు. రంగు అద్దాలూ అంతే.

ఒక్క విషయం మాత్రం కంటి డాక్టరుకు చూపించండి. దగ్గరి అక్షరాలు చదవాలంటే రెండు కళ్లూ కలిసి కాస్త ముక్కు వైపు తిరగాలి. కొందరు పిల్లలకు ఆ తిరుగుడు చాలదు. అక్షరాలు రెండుగా కనిపించడం, తలనొప్పి, వరస తప్పిపోవడం వస్తాయి. అచ్చం ధ్యాస లేనట్టే ఉంటుంది. మామూలు చార్టు పరీక్షలో అది బయటపడకపోవచ్చు, ప్రత్యేకంగా అడగాలి. దానికి వ్యాయామాలు పనిచేస్తాయి, ఆ ఇబ్బంది వరకే. అలాంటి 300 మందికి పైగా పిల్లల మీద జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2019లో వచ్చాయి. ఉత్తుత్తి వ్యాయామం చేసిన పిల్లలతో పోలిస్తే, అసలు వ్యాయామం చేసినవాళ్లకు చదివి అర్థం చేసుకోవడం ఎక్కువేమీ మెరుగుపడలేదు.

పాప ధ్యాస సంగతికి మీ జిల్లా బాలల సత్వర చికిత్స కేంద్రానికి వెళ్లండి, డైక్ అని అడిగితే చెబుతారు. ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకం కింద పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను అక్కడ ఉచితంగా చూస్తారు. ఆ పథకం జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. వెళ్లేటప్పుడు పాప నోటుబుక్కులు రెండు వెంట తీసుకెళ్లండి.